మత్తులో పసిగుండె: పల్స్ చెప్పేది, బీపీ చెప్పలేనిది

మత్తు వైద్య చరిత్రలో హైదరాబాద్‌కు ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. 19వ శతాబ్దంలో క్లోరోఫాం ఇచ్చినప్పుడు అప్పుడప్పుడు రోగులు ఉన్నట్టుండి చనిపోయేవారు. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీసే చిన్న పని కోసం క్లోరోఫాం పీల్చి, కొద్ది నిమిషాల్లోనే ప్రాణం విడిచింది. ఇలాంటప్పుడు ముందు ఆగేది గుండెనా, ఊపిరా? డాక్టర్లు దశాబ్దాల పాటు దీని మీద తగువులాడుకున్నారు. దీన్ని తేల్చడానికి హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో మరోసారి క్లోరోఫాం కమిషన్లు నడిపారు. ఖర్చు నిజాం ప్రభుత్వం భరించింది. రెండోసారి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చి కూర్చున్నారు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి వాళ్లు ఇచ్చిన తీర్పు: ముందు ఆగేది ఊపిరే. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి గురించి బెంగ అక్కర్లేదు.

ఆ తీర్పు నిలవలేదు. మత్తు పలచగా ఉన్న సమయంలో ఒంట్లో ఎడ్రినలిన్ అనే హార్మోన్ ఎగిసిపడితే క్లోరోఫాం నేరుగా గుండె లయనే చెడగొడుతుందని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు.

అయినా ఈ పాత తగువును ఇక్కడికి తేవడానికి కారణం ఉంది. ఏడాది రెండేళ్ల బిడ్డకు ఆపరేషన్ అనగానే తల్లిదండ్రులు మత్తు డాక్టర్‌ను అడిగే మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే: "గుండెకు ఏమీ కాదు కదా డాక్టర్ గారూ?" చిన్నపిల్లల విషయంలో లారీ మాటలో సగం చాలా విలువైనది, మిగతా సగం చాలా ప్రమాదకరమైనది. ఊపిరిని చూడమన్నది విలువైన సగం. పల్స్‌ను పట్టించుకోనక్కర్లేదన్నది ప్రమాదకరమైన సగం. పసిపిల్లల్లో ఊపిరికి ఏ ఇబ్బంది వచ్చినా అది పల్స్‌లోనే బయటపడుతుంది. బీపీ అంకె మాత్రం చాలాసార్లు ఆలస్యంగా మాట్లాడుతుంది.

పెద్ద గుండెకు చిన్న నమూనా కాదు

గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ఒక్కో దెబ్బకు ఎంత పంపుతోంది, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది. పెద్దవాళ్ల గుండె అవసరాన్ని బట్టి ఈ రెండింటినీ పెంచుకోగలదు. పుట్టిన బిడ్డ గుండెకు మొదటిది పెంచుకునే వెసులుబాటు తక్కువ. దాని కండరంలో సంకోచించే పోగుల వాటా పెద్దవాళ్ల గుండెలో ఉండేదాంట్లో సుమారు సగమే. గోడలు బిరుసుగా ఉంటాయి, ఎక్కువ రక్తం వచ్చినా పెద్దగా సాగవు. చిన్న చెంబుతో గాబు నింపాలంటే ఎక్కువసార్లు ముంచాలి కదా, పసిగుండె పనీ అంతే.

ఒక లెక్క చూద్దాం. మూడు కిలోల బిడ్డ గుండె ఒక్కో దెబ్బకు పంపేది నాలుగైదు మిల్లీలీటర్లు. పల్స్ 140 ఉంటే నిమిషానికి సుమారు 600 మిల్లీలీటర్లు. ఆ బిడ్డ ఒంట్లో ఉన్న మొత్తం రక్తం 250 మిల్లీలీటర్ల చిల్లర. అంటే ఉన్న రక్తమంతా నిమిషంలో రెండుసార్లకు పైగా తిరిగి వస్తోంది. బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్ల గుండె చేసే పనికి ఇది రెండు మూడింతలు. ఇప్పుడు అదే పల్స్ 70కి పడిందనుకోండి. పెద్దవాళ్లకు 70 అంటే నిశ్చింత. ఈ బిడ్డకు మాత్రం అవయవాలకు చేరే రక్తం దాదాపు సగానికి పడిపోయినట్టు. ఒక్కో దెబ్బ కాస్త పెద్దదవుతుంది, నిజమే, కానీ ఆ లోటును పూడ్చేంత కాదు. అందుకే పిల్లల అత్యవసర వైద్యంలో ఒక గట్టి నియమం ఉంది. ఆక్సిజన్ ఇచ్చి శ్వాస అందిస్తున్నా పల్స్ 60 లోపే ఉండి, రక్తప్రసరణ సరిగా లేకపోతే, గుండె ఇంకా కొట్టుకుంటున్నా సరే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

మామూలుగా మెలకువలో పుట్టిన బిడ్డకు పల్స్ 120 నుంచి 160 మధ్య ఉంటుంది. అయిదేళ్లు వచ్చేసరికి 80 నుంచి 110కి దిగుతుంది. బీపీ దారి దీనికి ఎదురు. పుట్టినప్పుడు పై అంకె 60, 70 దగ్గర మొదలై ఏడాదికల్లా 90 చుట్టుపక్కలకు వస్తుంది. మానిటర్ మీద కనిపించే ఒకే అంకె ఒక వయసులో మామూలు, ఇంకో వయసులో ప్రమాదం. బిడ్డ వయసు తెలియకుండా ఆ తెర చూస్తే ఏమీ అర్థం కాదు.

ఇంకో రెండు తేడాలు మత్తుకు సూటిగా సంబంధించినవి. గుండె కండరం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. పెద్దవాళ్ల గుండె కణాలు కాల్షియాన్ని లోపలే దాచుకుని వాడుకుంటాయి. పసిపిల్లల్లో ఆ నిల్వ వ్యవస్థ ఇంకా తయారు కాలేదు, కణం బయటి నుంచి, అంటే రక్తం నుంచి వచ్చే కాల్షియం మీదే ఎక్కువగా ఆధారపడాలి. మత్తు వాయువులు సరిగ్గా ఆ రాకకే అడ్డుపడతాయి. అదే వాయువు పెద్దవాళ్ల కంటే పసిగుండెను ఎక్కువ నీరసపరచడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండోది నరాల సంగతి. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పుట్టేసరికే బాగా పనిచేస్తుంటుంది. వేగం పెంచే సింపథెటిక్ నరాల అల్లిక మాత్రం తర్వాత నెమ్మదిగా చిక్కబడుతుంది. పైగా బీపీ పడగానే పల్స్ పెంచి సర్దుకునే ప్రతిచర్య పసితనంలో అసలే బలహీనం, మత్తులో ఇంకా మొద్దుబారుతుంది. ఇంతకీ తేలేదేమిటంటే, కష్టం వచ్చినప్పుడు పెద్దవాళ్ల గుండె వేగం అందుకుంటుంది, పసిబిడ్డ గుండె చతికిలబడుతుంది.

పల్స్ పడిందంటే ముందు చూడాల్సింది ఊపిరి

పసిబిడ్డ శరీరం కిలో బరువుకు నిమిషానికి 6 నుంచి 8 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుతుంది, పెద్దవాళ్లకు అందులో సగం చాలు. ఖర్చు రెండింతలు, నిల్వ మాత్రం తక్కువ. పక్కటెముకలు మెత్తనివి కాబట్టి మత్తులో కండరాల పట్టు సడలగానే ఊపిరితిత్తులు ఇంకొంచెం ముడుచుకుంటాయి, ఉన్న కొద్ది నిల్వా తరిగిపోతుంది. ఊపిరి ఆగితే ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి, ముందుగా ఆక్సిజన్ పట్టించి ఉంటే, కొన్ని నిమిషాల వ్యవధి దొరుకుతుంది. నెలల బిడ్డకు ఆ వ్యవధి ఎంతో తక్కువ. ఆక్సిజన్ జారగానే పల్స్ కూడా జారుతుంది. పెద్దవాళ్లలో ఆక్సిజన్ తగ్గితే మొదట గుండె దడదడలాడుతుంది. పసిపిల్లల్లో ఆ దడ కనపడకుండానే నెమ్మదించవచ్చు.

అందుకే థియేటర్లో పసిబిడ్డ పల్స్ పడిపోతే అనుభవం ఉన్న మత్తు డాక్టర్ చేయి మొదట సిరంజి మీదకు పోదు, మాస్కు మీదకో శ్వాస గొట్టం మీదకో పోతుంది. గొట్టం జరిగిందా, గొంతు బిగుసుకుందా, కఫం అడ్డుపడిందా? ఆ తర్వాతే మత్తు ఎక్కువైందా, రక్తం పోయిందా, సర్జన్ ఏదైనా లాగుతున్నారా అన్న ప్రశ్నలు. ఆక్సిజన్ అందక నెమ్మదించిన గుండెకు పల్స్ పెంచే ఎట్రోపిన్ అనే మందు ఇస్తే అంకె పెరగొచ్చు. కానీ ఆక్సిజన్ లేని గుండెను పరుగెత్తించడం వల్ల ఏం మేలు? కారణం అక్కడే ఉండిపోతుంది.

పెద్ద పరిశీలనలూ ఇదే చెబుతున్నాయి. ఎప్రికాట్ అనే అధ్యయనం 33 యూరప్ దేశాల్లోని 261 ఆసుపత్రుల్లో 31 వేలకు పైగా మత్తు ప్రక్రియలను గమనించి 2017లో ఫలితాలు వెల్లడించింది. తీవ్రమైన సంఘటనలు మొత్తం 5.2 శాతం. అందులో శ్వాసకు సంబంధించినవి 3.1 శాతం, గుండె, రక్తప్రసరణకు సంబంధించినవి 1.9 శాతం. వయసు తగ్గేకొద్దీ ముప్పు పెరిగింది, డాక్టర్‌కు పిల్లల కేసుల్లో అనుభవం పెరిగేకొద్దీ తగ్గింది. ఈ రెండో సంగతి మన దగ్గర అందరూ గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. పసిబిడ్డకు మత్తు ఇవ్వడం పిల్లల పనిలో చేయి తిరిగినవాళ్లకు అప్పగించాల్సిన పని, "చిన్న ఆపరేషనే కదా" అని ఎక్కడపడితే అక్కడ కానిచ్చేది కాదు.

హాలోథేన్ నేర్పిన పాఠం, సెవోఫ్లూరేన్ తెచ్చిన ఊరట

పిల్లలకు సూది కంటే ముందు మాస్కుతో వాయువు పీల్పించి నిద్రపుచ్చడం మామూలు. 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్ నలభై ఏళ్లు ఆ పని చేసింది. వాసన ఘాటుగా ఉండదు, పిల్లలు గింజుకోకుండా పీల్చేవారు. చవక కూడా, అందుకే మన దేశంలో మరికొన్నేళ్లు ఎక్కువే నిలిచింది. కానీ అది గుండె కండరాన్ని నేరుగా నీరసపరచేది, పల్స్‌ను తగ్గించేది, ఎడ్రినలిన్‌కు గుండెను అతిగా స్పందించేలా చేసేది. క్లోరోఫాంలో లెవీ చూసిన లక్షణమే మరింత నెమ్మదైన రూపంలో ఇందులోనూ ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, సామాన్య పాఠకుడు ఊహించలేనిది. పసిపిల్లలకు మత్తు తక్కువ సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి వాయువు గాఢత మాటకొస్తే నెలల పిల్లలకు పెద్దవాళ్ల కంటే ఎక్కువ కావాలి. హాలోథేన్ తర్వాత వచ్చిన సెవోఫ్లూరేన్ అనే వాయువునే తీసుకుంటే నడివయసు మనిషికి 2 శాతం చుట్టుపక్కల సరిపోయే చోట, ఆరు నెలల లోపు బిడ్డకు 3.2 శాతం దాకా అవసరం. దానికి తోడు పిల్లల ఊపిరితిత్తుల పరిమాణంతో పోలిస్తే వాళ్ల శ్వాస చాలా చురుకు, మెదడుకు గుండెకు వెళ్లే రక్తం వాటా ఎక్కువ. వాయువు గబగబా రక్తంలోకి, అక్కడి నుంచి గుండెలోకి చేరుతుంది. ఎక్కువ గాఢత కావాలి, త్వరగా ఎక్కుతుంది, ఎక్కే చోట ఉన్న కండరం తట్టుకునే శక్తి తక్కువ. బిడ్డను నిద్రపుచ్చే మోతాదుకూ గుండెను కుంగదీసే మోతాదుకూ మధ్య ఎడం పెద్దవాళ్లలో కంటే సన్నం.

అది ఎంత సన్నమో తేల్చింది అమెరికాలో 1994లో మొదలైన ఒక రిజిస్ట్రీ. మత్తు సమయంలో గుండె ఆగిన పిల్లల వివరాలన్నీ ఒకచోట చేర్చారు. 2000లో వచ్చిన తొలి నివేదిక ప్రకారం మత్తు కారణంగా గుండె ఆగడం పదివేల కేసులకు 1.4. అరుదే. కానీ అలా ఆగినవాళ్లలో సగానికి పైగా ఏడాది లోపు పిల్లలు. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో జరిగినవాటికి మందులే ప్రధాన కారణం, అందులోనూ హాలోథేన్ గుండెను కుంగదీయడం ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత సెవోఫ్లూరేన్ విరివిగా వచ్చింది. 1998 నుంచి 2004 వరకు కేసులతో 2007లో వెలువడిన నివేదికలో మందుల వాటా 37 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఒక్క మందు మార్పుతో ఇంత తేడా రావడం వైద్యంలో తరచూ జరిగేది కాదు. అయితే రెండో నివేదికలో రక్తం పోవడం, నిల్వ రక్తం వేగంగా ఎక్కించినప్పుడు పొటాషియం పెరగడం లాంటి కారణాలు ముందుకొచ్చాయి.

సెవోఫ్లూరేన్‌తో పల్స్ చాలావరకు నిలకడగానో, కాస్త పెరిగో ఉంటుంది. గుండె శక్తి తక్కువగా దెబ్బతింటుంది. బీపీ మాత్రం దిగుతుంది, రక్తనాళాలు సడలుతాయి కాబట్టి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు దీనికి మినహాయింపు. వాళ్లలో గుండె జబ్బు లేకపోయినా సెవోఫ్లూరేన్ మొదలుపెట్టగానే పల్స్ బాగా తగ్గడం తరచూ కనిపిస్తుంది. ముందే తెలిసి ఉంటే అది సులువుగా సర్దుకునే విషయమే.

రక్తనాళంలోకి ఇచ్చే మందుల సంగతి ఇంత చిక్కుగా ఉండదు. ప్రొపొఫాల్ రక్తనాళాలను సడలించి బీపీ తగ్గిస్తుంది. కీటమిన్ దానికి విరుద్ధం, సింపథెటిక్ నరాలను తట్టి బీపీని నిలబెడుతుంది. అందుకే రక్తం పోయిన బిడ్డకు, కొన్ని రకాల గుండె జబ్బులున్న బిడ్డకు డాక్టర్లు దానివైపు మొగ్గుతారు. గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మీద మాత్రం 1990ల్లో అమెరికా గట్టి హెచ్చరిక ముద్రించింది. బయటికి తెలియని కండర క్షీణత జబ్బు ఉన్న మగపిల్లల్లో అది పొటాషియంను ఒక్కసారిగా పెంచి గుండెను ఆపేసిన సంఘటనలు జరిగాయి. ఇప్పుడు పిల్లల్లో దాన్ని అత్యవసరానికే వాడతారు.

సర్జన్ చేయి తగిలితే

కొన్నిసార్లు మత్తు సరిగ్గానే ఉంటుంది, ఆక్సిజన్ నూరు శాతం ఉంటుంది, అయినా పల్స్ ధబాలున పడుతుంది. మెల్లకన్ను ఆపరేషన్‌లో సర్జన్ కంటి కండరాన్ని లాగినప్పుడు ఇది మరీ ప్రస్ఫుటం. కంటి నుంచి మెదడుకు వెళ్లిన సంకేతం వేగస్ నరం గుండా గుండెకు దిగుతుంది. 1908లోనే ఆష్నర్, డాగ్నినీ అనే ఇద్దరు దీన్ని విడివిడిగా వర్ణించారు. మందు చాలా సులువు: "ఒక్క క్షణం వదలండి" అని సర్జన్‌కు చెప్పడం. లాగడం ఆపగానే చాలావరకు పల్స్ తిరిగి వస్తుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే ఎట్రోపిన్. కడుపులో పేగులు లాగినా, లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) కోసం కడుపులోకి వాయువు నింపినా, గొట్టం వేయడానికి గొంతులో పరికరం పెట్టినా ఇదే జరగొచ్చు.

ఎట్రోపిన్ మన పొలం గట్ల మీది ఉమ్మెత్తలోనూ ఉండే రసాయనమే. ఉమ్మెత్త కాయ తిన్న పిల్లలకు గుండె దడ, నోరు ఎండిపోవడం, కనుపాపలు విచ్చుకోవడం వచ్చేది అందుకే. ఒకప్పుడు పసిపిల్లలందరికీ మత్తుకు ముందే ఎట్రోపిన్ ఇచ్చేవారు. హాలోథేన్ పోయాక ఆ అవసరం తగ్గింది, ఇప్పుడు కేసును బట్టి ఇస్తున్నారు.

బీపీ ఎంత ఉంటే తక్కువ?

ఇది ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న. అత్యవసర విభాగాల్లో వాడే సూత్రం తేలికైనది. ఏడాది నుంచి పదేళ్ల వరకు పిల్లలకు 70కి వయసు రెండింతలు కలపండి, పై బీపీ అంతకంటే దిగితే తక్కువ. నాలుగేళ్ల బిడ్డకు 78. నెల నుంచి ఏడాది లోపు 70, మొదటి నెలలో 60. కానీ ఇవి మెలకువలో ఉన్న, జబ్బుతో వచ్చిన పిల్లల కోసం పెట్టుకున్న హద్దులు. మత్తులో ఉన్న ఆరోగ్యవంతమైన బిడ్డకు ఇవే వర్తిస్తాయా? 2016లో పది కేంద్రాల నుంచి లక్షకు పైగా పిల్లల మత్తు రికార్డులు తీసి వయసువారీ బీపీ పట్టికలు తయారు చేశారు. మెలకువలో మామూలనుకునే అంకెల కంటే చాలా తక్కువ బీపీలతో ఎంతోమంది పిల్లలు మత్తులో గడుపుతున్నారని అవి చూపించాయి. అది సాధారణంగా జరిగేదని మాత్రమే ఆ పట్టిక చెబుతుంది. క్షేమమని చెప్పదు. ఈ రెండింటినీ కలిపేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు ఆందోళన మెదడు గురించి. బీపీ పైకీ కిందికీ పోతున్నా మెదడు తన రక్తాన్ని కొంత హద్దు వరకు స్థిరంగా ఉంచుకోగలదు. పసిపిల్లల్లో ఆ హద్దు ఎక్కడుందో ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది. నుదుటి మీద అంటించే చిన్న సెన్సర్‌తో మెదడులో ఆక్సిజన్ కొలిచే పరికరాలు వచ్చాక కొన్ని సంగతులు తెలిశాయి. బీపీ కొంచెం తగ్గినా చాలామంది పిల్లల్లో మెదడు ఆక్సిజన్ తగ్గడం లేదు, ఎందుకంటే మత్తులో మెదడు వాడకమూ తగ్గుతుంది. కానీ మూడు నెలల లోపు పిల్లల్లో, బీపీ బాగా పడినప్పుడు, ఆ రక్షణ సన్నగిల్లుతుంది. 2014లో ఒక అమెరికన్ బృందం ఆరుగురు పసికందుల గురించి రాసింది. మామూలు ఆపరేషన్ల తర్వాత ఒక రోజు చుట్టూ వాళ్లకు ఫిట్స్ వచ్చాయి, మెదడు దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. ఎక్కువ సేపు బీపీ తక్కువగా ఉండటం వాళ్లలో కనిపించిన ఉమ్మడి విషయాల్లో ఒకటి. ఆరుగురితో ఏ నియమమూ చేయలేం. అయినా "పసిపిల్లలకు బీపీ తక్కువే ఉంటుందిలే" అని వదిలేసే అలవాటును అది కుదిపింది, కుదపాల్సిందే.

ఇంకో విషయం బీపీ పక్కన ఎప్పుడూ గుర్తుంచుకోవాలి: కార్బన్ డయాక్సైడ్. యంత్రంతో శ్వాస ఎక్కువగా ఇస్తే అది తగ్గిపోతుంది, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. బీపీ కూడా తక్కువై, కార్బన్ డయాక్సైడ్ కూడా తక్కువైతే రెండు దెబ్బలూ మెదడుకే.

అంకె నమ్మదగినదేనా అన్నది మరో ప్రశ్న. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, నిజంగా పడిన బీపీ కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. పట్టీలోని గాలితిత్తి వెడల్పు చేయి చుట్టుకొలతలో 40 శాతం ఉండాలి, అంటే అన్ని సైజులూ థియేటర్లో ఉండాలి. అదీగాక ఆ పట్టీ నిమిషాల తరబడి విరామంతో కొలుస్తుంది. ఆ మధ్యలో జరిగేది అది చూడదు. అందుకే పాతతరం మత్తు డాక్టర్లు పిల్లల ఛాతీ మీద స్టెతస్కోప్ అంటించి చెవికి పెట్టుకుని ఆపరేషన్ అంతా వినేవారు. పసిపిల్లల్లో బీపీ దిగుతున్నప్పుడు గుండె చప్పుడు మెత్తబడుతుంది, అది చెవికి తెలుస్తుంది. ఈనాటి పరికరాల్లో ఆ పనికి దగ్గరగా వచ్చేది బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ గీత. శ్వాసలో మార్పు లేకుండా ఆ గీత కుంగిందంటే గుండె పంపే రక్తం తగ్గిందని అనుమానించాలి.

బీపీ పడని చోటు, ఎగిరే చోటు

పెద్దవాళ్లకు నడుములో మత్తు సూది ఇస్తే బీపీ పడటం అందరికీ తెలిసిందే. సిజేరియన్ అయిన తల్లులను అడిగితే చెబుతారు, సూది వేయగానే కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టు అయిందని. అయిదారేళ్ల లోపు పిల్లలకు అదే సూది ఇస్తే బీపీ దాదాపు కదలదు. ఎందుకు? పెద్దవాళ్ల రక్తనాళాలు సింపథెటిక్ నరాల పట్టుతో బిగువుగా ఉంటాయి, సూది ఆ పట్టు వదిలిస్తుంది. పసిపిల్లల్లో ఆ పట్టే అంతంతమాత్రం, వదలడానికి పెద్దగా ఏమీ లేదు. కాళ్లు కూడా చిన్నవి, అక్కడ నిలిచిపోయే రక్తం కొంచెమే. గ్యాస్ అనే పేరుతో జరిగిన అధ్యయనంలో ఏడు దేశాల్లో 722 మంది పసిపిల్లలను తీసుకుని హెర్నియా ఆపరేషన్‌కు కొందరికి మెలకువలోనే నడుము సూది, కొందరికి సెవోఫ్లూరేన్ ఇచ్చారు. సూది తీసుకున్నవాళ్లలో బీపీ పడటం తక్కువ. అయిదేళ్ల వయసులో తెలివితేటల పరీక్షల్లో రెండు గుంపులకూ తేడా లేదని 2019లో తేలింది. గంటలోపు మత్తు గురించి బెంగపడే తల్లిదండ్రులకు ఇది ధైర్యం చెప్పే ఫలితం.

పల్స్, బీపీ పెరగడం గురించీ చెప్పాలి, ఎందుకంటే దాని వెనక ఒక బాధాకరమైన చరిత్ర ఉంది. 1980ల దాకా పసికందులకు, ముఖ్యంగా నెలలు నిండని పిల్లలకు, బలమైన నొప్పి మందులు ఇస్తే తట్టుకోలేరనే భయం ఉండేది. కండరాలు కదలకుండా చేసే మందు, కొంచెం నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు వాయువు, అంతే. దాంతోనే ఛాతీ తెరిచి ఆపరేషన్లు చేసేవారు. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం, గుండె దగ్గరి డక్టస్ అనే నాళం మూసే ఆపరేషన్ జరిగే నెలలు నిండని పిల్లల్లో కొందరికి ఫెంటనిల్ అనే నొప్పి మందు కలిపి ఇచ్చి పోల్చి చూసింది. మందు ఇవ్వనివాళ్లలో ఒత్తిడి హార్మోన్లు ఎగిసిపడ్డాయి, తర్వాత రక్తప్రసరణ సమస్యలు ఎక్కువ వచ్చాయి. బిడ్డ ఏడవలేకపోయినా ఒళ్లు ఏడుస్తూనే ఉంది. గుండెను కాపాడతామనుకుని మానేసిన మందే గుండెను కాపాడేదని తేలింది. ఇప్పుడు ఆపరేషన్ మధ్యలో పల్స్, బీపీ రెండూ ఎగిస్తే డాక్టర్ మొదట అనుకునేది "నొప్పి తగులుతోందా" అనే.

గుండె జబ్బుతో పుట్టిన పిల్లలు

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తం ఊపిరితిత్తులను తప్పించుకుని రెండు అడ్డదారుల్లో తిరుగుతుంది. పుట్టిన కొద్ది గంటల నుంచి అవి మూసుకోవడం మొదలవుతుంది. పూర్తిగా బిగుసుకోవడానికి వారాలు పడుతుంది, ఒక అడ్డదారి కొందరిలో జీవితాంతం సందుగా మిగిలిపోతుంది. పుట్టిన కొత్తల్లో చలి పట్టినా, ఆక్సిజన్ తగ్గినా, రక్తంలో ఆమ్లం పెరిగినా ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుని ఆ దారులు మళ్లీ తెరుచుకోవచ్చు. పసికందు థియేటర్‌ను ఉక్కపోసేంత వెచ్చగా ఉంచేది ఊరికే కాదు.

ఆటల మధ్యలో నీలంగా మారి గొంతుకు కూర్చునే పిల్లలను కొందరు చూసే ఉంటారు. ఫాలో టెట్రాలజీ అనే గుండె జబ్బులో అలా కూర్చుంటే కాళ్ల రక్తనాళాలు నొక్కుకుని ఒంట్లో రక్త నిరోధం పెరుగుతుంది, ఎక్కువ రక్తం ఊపిరితిత్తులకు మళ్లుతుంది. ఎవరూ నేర్పకుండానే ఆ బిడ్డ కనిపెట్టుకున్న వైద్యం అది. మత్తు సరిగ్గా దానికి విరుద్ధంగా పనిచేస్తుంది, నాళాలను సడలించి నీలి రక్తాన్ని ఒంట్లోకి మళ్లిస్తుంది. అలాంటి బిడ్డకు పంటి ఆపరేషన్ అయినా గుండె వివరాలు తెలిసిన మత్తు డాక్టరే చూడాలి.

తల్లిదండ్రుల చేతిలో ఉన్నవి

మొదటిది ఉపవాసం. "రాత్రి పన్నెండు తర్వాత మంచినీళ్లు కూడా వద్దు" అని పసిపిల్లలకు చెప్పే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిగితే బిడ్డ పన్నెండు గంటలకు పైగా ఎండిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు మత్తు ఇవ్వగానే బీపీ ఎక్కువ పడుతుంది. ఉపవాసాన్ని అవసరమైనంతకే కుదిస్తే పడటం తగ్గుతుందని మూడేళ్ల లోపు పిల్లల్లో చూశారు కూడా. చాలాకాలంగా పాటిస్తున్న నియమం ఘనాహారానికి ఆరు గంటలు, తల్లిపాలకు నాలుగు, మంచినీళ్ల లాంటి వాటికి రెండు. యూరప్‌లో నీళ్లకు ఒక్క గంటకు దించారు. సొంత లెక్కతో ఇవ్వకండి, కానీ "చివరిసారి పాలు ఎప్పుడు, నీళ్లు ఎప్పుడు ఇవ్వాలి, ఆపరేషన్ ఆలస్యమైతే మళ్లీ ఇవ్వొచ్చా" అని మత్తు డాక్టర్‌ను సూటిగా అడగండి. అడగడం మీ హక్కు.

తర్వాత, దాచకుండా చెప్పాల్సినవి. కుటుంబంలో ఎవరికైనా మత్తులో ఇబ్బంది వచ్చిందా, చిన్న వయసులో ఉన్నట్టుండి ఎవరైనా చనిపోయారా, బిడ్డ నడక ఆలస్యమైందా, మేనమామలకు కండరాల జబ్బు ఉందా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టిందా, పాలు తాగుతూ చెమటలు పోసి అలసిపోతుందా, పెదాలు నీలమవుతాయా, గుండె దగ్గర అదనపు చప్పుడు ఉందని ఎవరైనా డాక్టర్ అన్నారా. వాడుతున్న మందులు, వాటిలో నాటు మందులు కూడా.

జలుబు సంగతి అన్నింటికంటే ఎక్కువగా దాస్తారు, ఆపరేషన్ వాయిదా పడుతుందని, సెలవులు వృథా అవుతాయని. జలుబు ఉన్న బిడ్డకు మత్తులో గొంతు బిగుసుకునే ముప్పు ఎక్కువ. గొంతు బిగిస్తే ఆక్సిజన్ పడిపోతుంది, ఆ వెంటనే పల్స్ పడిపోతుంది. జ్వరం, పచ్చటి కఫం, పిల్లికూతలు ఉంటే అత్యవసరం కాని ఆపరేషన్‌ను మత్తు డాక్టర్ కొన్ని వారాలు ఆపమంటారు. ముక్కు నుంచి పలచటి నీరు కారడం మాత్రమే అయితే చాలాసార్లు కానిచ్చేస్తారు కూడా, తగిన జాగ్రత్తలతో. ఏది ఏమిటన్నది వాళ్లు తేల్చాలంటే మీరు చెప్పాలి, ముందు రోజు ఫోన్‌లోనే చెబితే ఇంకా మంచిది.